సగం యంత్రం నేలలోనే ఉంది: ఇంటి గ్యారేజీ కార్ లిఫ్ట్ తరలింపు, ఒక కేస్ స్టడీ

తరలించాల్సింది రెండు స్తంభాల హైడ్రాలిక్ కార్ లిఫ్ట్. సామర్థ్యం 4 టన్నులు. సొంత బరువు దాదాపు 700 కిలోలు. పైన ఉన్న అడ్డదూలంతో కలిపి ఎత్తు 3.6 మీటర్లు. యజమాని వృత్తిరీత్యా మెకానిక్ కారు. పాత కార్లు కొని, ప్రతి నట్టూ విప్పి శుభ్రం చేసి, మళ్లీ రోడ్డెక్కించడం ఆయనకు ప్రాణం. ఇల్లు మారుతున్నారు కాబట్టి లిఫ్ట్‌ను కొత్త ఇంటి గ్యారేజీలో నిలబెట్టి ఇవ్వమని అడిగారు.

లిఫ్ట్‌లు బిగించడం, విప్పడం, మరమ్మతు చేయడం నా వృత్తి. ఇలాంటి పని అప్పగించేవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది బరువు గురించే. ‘‘అంత బరువు ఎలా ఎత్తుతారు? క్రేన్ కావాలా?’’ అంటారు. బరువును ముక్కలు చేయవచ్చు. విడదీస్తే ఇందులో అతి పెద్ద భాగం క్యారేజీతో (స్తంభం వెంట పైకి కిందికి జారుతూ చేతులను మోసే భాగం) కూడిన ఒక స్తంభం, 230 కిలోలు. కారును కింది నుంచి పట్టే చేతులు ఒక్కోటి 32 కిలోలు, అడ్డదూలం 45, మోటారు, పంపు, ట్యాంకు కలిసిన పవర్ యూనిట్ 28. సరైన సామగ్రి ఉంటే ఇవేవీ భయపడాల్సిన బరువులు కావు. నేను మొదట అడిగే ప్రశ్న వేరు: కొత్త చోట నేల ఎలా ఉంది? రెండు స్తంభాల లిఫ్ట్ తన కాళ్ల మీద తాను నిలబడే యంత్రం కాదు. దాన్ని నిలబెట్టేది కాంక్రీటు, అందులో దిగిన బోల్టులు. విప్పి తీసుకెళ్లినప్పుడు ఆ సగాన్ని పాత ఇంట్లోనే వదిలేసి వస్తాం. కొత్త చోట దాన్ని మళ్లీ తయారు చేసుకోవాలి.

నాలుగు స్తంభాల లిఫ్ట్ అయితే పరిస్థితి కొంత తేలిక. కారు చక్రాలు పట్టాల మీద ఉంటాయి, బరువు నాలుగు మూలల్లోనూ నిలువుగా దిగుతుంది. చాలా మోడళ్లను చక్రాల సెట్టు తగిలించి అదే గ్యారేజీలో కారు లేకుండా అటూ ఇటూ దొర్లించవచ్చు కూడా. ఆ అనుభవాన్ని రెండు స్తంభాల లిఫ్ట్‌కు అన్వయించకూడదు.

కొత్త గ్యారేజీ నేల

లిఫ్ట్‌ను ముట్టుకోకముందే కొత్త ఇంటికి వెళ్లాను. నేల చూడటానికి బాగుంది. నున్నగా, పైన రంగు పూత వేసి ఉంది. పైకి కనిపించేదాన్ని బట్టి కాంక్రీటు మందం తెలియదు. స్తంభాలు రాబోయే చోట్లలో చిన్న రంధ్రాలు వేసి లోతు కొలిచాను. అంతకుముందే ఇంటి నక్షాలు చూసి, నేలలో బిగించిన ఉక్కు తాళ్లు గానీ నీటి గొట్టాలు గానీ లేవని నిర్ధారించుకున్నాను. బిగువు తాళ్లతో పోసిన కాంక్రీటులో డ్రిల్ ఒక తాడును కోసినా అందులో నిండి ఉన్న శక్తి ఒక్కసారిగా విడుదలవుతుంది. అలాంటి నేలలో విచారించకుండా రంధ్రం వేయనే వేయకూడదు.

కొలతలో తేలింది 90 మిల్లీమీటర్లు. కింద కంకర. ఈ లిఫ్ట్ తయారీదారు పుస్తకం అడిగేది కనీసం 100 మిల్లీమీటర్ల మందం, 21 మెగాపాస్కల్ బలం. పైగా ఎడమ స్తంభం రావాల్సిన చోటికి జానెడు దూరంలోనే నేలలో విస్తరణ కోసం వదిలిన కోత ఉంది. అంచుకు అంత దగ్గరగా బోల్టు వేస్తే దాని చుట్టూ ఉన్న కాంక్రీటు సగం పనికిరానట్టే.

యజమాని నిరాశ పడ్డారు. ‘‘పది మిల్లీమీటర్లే కదండీ తక్కువ. పాత ఇంట్లో ఇన్నేళ్లు ఎలాంటి ఇబ్బందీ లేకుండా నిలబడింది కదా’’ అన్నారు.

‘‘అక్కడి నేల మందం ఎంతో మీకు తెలుసా అండీ?’’ అని అడిగాను. తెలియదన్నారు. ఆయనకు లెక్క వేసి చూపించాను. నాకు తెలిసి ఈ లెక్క ఒక్కసారి చూసినవాళ్లెవరూ నేల గురించి మళ్లీ బేరమాడలేదు.

2 టన్నుల కారు ఎక్కించామనుకుందాం. ఒక్కో స్తంభానికి 1,000 కిలోలు. ఆ బరువు స్తంభం మీద నిలువుగా పడదు. నిండు బిందెను చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటే భుజానికి ఏమవుతుందో స్తంభానికీ అదే అవుతుంది. ఈ లిఫ్ట్‌లో కారు కింద ప్యాడ్ తగిలే చోటు, స్తంభం అడుగు పలక లోపలి అంచు నుంచి సుమారు 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. స్తంభం లోపలికి ఒరగాలని చూస్తుంది. ఒరిగితే ఆ అంచు మీదే తిరగాలి. దాన్ని ఆపేది వెనుక వరుస బోల్టులు. అవి అదే అంచు నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. 1,000ని 70తో గుణించి 40తో భాగిస్తే 1,750. అంటే వెనుక వరుస బోల్టులను 1,750 కిలోల బలం పైకి పీకుతూ ఉంటుంది. కారు గాలిలో ఉన్నంతసేపూ, కింద మనిషి పని చేస్తున్నంతసేపూ. పూర్తి సామర్థ్యానికి, 4 టన్నులు ఎక్కిస్తే అది 3,500 అవుతుంది. స్తంభం సొంత బరువు కొంత తగ్గిస్తుంది, పైన అడ్డదూలం కొంత సాయపడుతుంది. కానీ ఆ సాయాన్ని లెక్కలో వేసుకుని బోల్టులను తక్కువ చేసుకోవడాన్ని నేను ఒప్పుకోను.

ఆ పీకుడును తట్టుకునేది బోల్టు ఉక్కు కాదు, దాని చుట్టూ ఉన్న కాంక్రీటు. విఫలమైతే కాంక్రీటు శంఖువు ఆకారంలో ఊడి వస్తుంది. బోల్టు ఎంత లోతుకు దిగితే ఆ శంఖువు అంత పెద్దదవుతుంది, బలం లోతు కన్నా ఎక్కువ వేగంతో పెరుగుతుంది. లోతు రెట్టింపయితే బలం దాదాపు 2.8 రెట్లవుతుంది. అదే సూత్రం తగ్గేటప్పుడూ వర్తిస్తుంది. పలుచని నేలలో బోల్టు కొన కింది కంకర దాకా వెళ్లిపోతే పట్టే మిగలదు. అందుకే ‘పది మిల్లీమీటర్లే’ అన్న మాటకు ఇక్కడ చోటు లేదు.

మంచి కాంక్రీటు అయినా లిఫ్ట్ కోసం పోసింది కాని నేలను నమ్మాలంటే మందం, బలం, పగుళ్లు, అంచులు నాలుగూ తేలాలి. ఇక్కడ రెండు తేలలేదు. పాత నేలను రెండు చోట్ల కోసి, స్తంభాల కింద కొత్త దిమ్మెలు పోయాలని నిర్ణయించాం. ఇది తప్ప వేరే దారి ఉందని నేను ఆయనకు చెప్పలేదు, ఎందుకంటే లేదు.

దిమ్మెలు

ఒక్కో గుంత 1.2 మీటర్ల చదరం, 300 మిల్లీమీటర్ల లోతు. పాత నేలను నీళ్లు పోస్తూ రంపపు చక్రంతో కోశాం. పొడిగా కోస్తే లేచే సన్నని ధూళిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. అడుగున మట్టిని దిమ్మిసతో గట్టిపరిచి, 12 మిల్లీమీటర్ల ఇనుప చువ్వలతో కిందా పైనా రెండు జాలీలు కట్టించాను. పాత నేల అంచుల్లోకి అడ్డంగా చువ్వ ముక్కలు దింపి కొత్త దిమ్మెతో ముడివేశాం. ఒక్కో దిమ్మె బరువే టన్ను దాటుతుంది.

చువ్వలు కట్టేటప్పుడే ఒక పని చేయిస్తాను. పాత ఇంట్లో స్తంభం అడుగు పలక కొలతలు తీసుకుని ప్లైవుడ్ మీద అచ్చు కోసి, బోల్టు రంధ్రాలు గుర్తించి తీసుకెళతాను. చువ్వలు ఆ రంధ్రాల కిందికి రాకుండా జరిపి కట్టిస్తాను. లేకపోతే తర్వాత డ్రిల్ చువ్వకు తగులుతుంది. అప్పుడు చువ్వను కోయాలి, లేదా స్తంభాన్ని జరపాలి. రెండూ మంచివి కావు.

బోల్టులను కాంక్రీటులోనే ముందుగా పాతేస్తే ఇంకా గట్టిగా ఉంటాయి కదా అని మేస్త్రీ అడిగారు. బలం ఉంటుంది. కానీ కాంక్రీటు పోస్తుండగా బోల్టు నాలుగైదు మిల్లీమీటర్లు జరిగినా స్తంభం కూర్చోదు. ఈ తయారీదారు పుస్తకం చెప్పింది విస్తరించే రకం యాంకర్ బోల్టులు. పుస్తకం చెప్పినదాన్ని వదిలి సొంత తెలివి ప్రయోగించడానికి ఇది చోటు కాదు.

గ్యారేజీ నేల మామూలుగా నీళ్లు బయటకు పోవడానికి తలుపు వైపు వాలుగా ఉంటుంది. దిమ్మెలను ఆ వాలుకు కలపకుండా, నీళ్ల గొట్టంతో మట్టం చూసి రెండింటినీ ఒకే ఎత్తులో సమంగా పోయించాను. ఈ చిన్న శ్రద్ధ వల్ల తర్వాత స్తంభాల కింద మట్టం సరిచేయడానికి పెట్టే షిమ్ము రేకులు దాదాపు అవసరమే పడలేదు.

ఇక 28 రోజుల సంగతి. మామూలు సిమెంటు కాంక్రీటు ఏడు రోజులకు తన బలంలో సుమారు మూడింట రెండు వంతులు అందుకుంటుంది. ‘‘వారంలో బిగిద్దామా?’’ అని అడిగేవాళ్లు ఉంటారు. నడవడానికి, కారు నిలపడానికి ఆ బలం సరిపోతుంది. యాంకర్ బోల్టు రంధ్రం లోపల గోడలను పక్కలకు నెడుతూ పట్టుకుంటుంది. ముదరని కాంక్రీటు ఆ ఒత్తిడికి లోపలే నలిగి, పైకి ఏమీ కనిపించకుండా పట్టు సడలిస్తుంది. గోనెసంచులు కప్పి తడుపుతూ పూర్తి గడువు ఆగాం. ఆ సమయం వృథా కాలేదు. లిఫ్ట్‌ను విప్పి బాగుచేయడానికి అదే సరిపోయింది.

కప్పు, తలుపు

కప్పు ఎత్తు 3.9 మీటర్లు కాబట్టి అడ్డదూలానికి చోటుంది. చిక్కు తలుపుతో వచ్చింది. గ్యారేజీ తలుపు పైకి లేచి కప్పు కింద పడుకునే రకం, దాని పట్టాలు 2.5 మీటర్ల ఎత్తులో లోపలికి చాలా దూరం వచ్చేవి. లిఫ్ట్ మీద కారు పూర్తిగా పైకి లేస్తే దాని వెనుక భాగం తెరిచిన తలుపుకు తగులుతుంది. తలుపు పనివాళ్లతో పట్టాలను కప్పుకు దగ్గరగా ఎత్తించాక ఆ చిక్కు తీరింది. స్థలం కొలిచేటప్పుడు చాలామంది లిఫ్ట్ ఎత్తునే కొలుస్తారు. లిఫ్ట్ ఎత్తే ఎత్తు, దాని మీద కారు ఎత్తు, బానెట్ తెరిస్తే ఇంకెంత, తలుపు ఏ దారిలో తిరుగుతుంది, ఇవన్నీ కలిపి చూడాలి.

విప్పడం

పాత ఇంట్లో పని మొదలుపెట్టేముందు లిఫ్ట్‌ను ఖాళీగా పైకి, కిందికి నడిపి చూశాను. ఏ శబ్దం వస్తోంది, ఎత్తిన క్యారేజీలను అదే ఎత్తులో పట్టి ఉంచే లాక్‌లు రెండు వైపులా ఒకేసారి పడుతున్నాయా, నూనె ఎక్కడైనా కారుతోందా అన్నది విప్పకముందే తెలియాలి. తర్వాత కనిపించే లోపం పాతదా, తరలింపులో వచ్చినదా అని తేల్చుకోవడానికి అదొక్కటే దారి. కేబుళ్లు, గొట్టాలు, లాక్ విడిపించే తీగ వెళ్లే దారులను ఫోటోలు తీసి, ప్రతి చివరకూ గుర్తు చీటీ కట్టాం.

క్యారేజీలను అడుగు వరకు దించాక ఎలక్ట్రీషియన్ కరెంటు తీసేశారు. దించే మీట నొక్కి పట్టుకుని గొట్టాల్లో మిగిలిన ఒత్తిడి వదిలించి, అప్పుడే నూనె తీశాం. విప్పిన ప్రతి గొట్టం చివరకూ, సిలిండర్ నోటికీ వెంటనే మూత పెట్టాం. హైడ్రాలిక్ వాల్వులకు దుమ్ము రేణువును మించిన శత్రువు లేదు. కంటికి కనిపించనంత రేణువు వాల్వు గద్దె మీద కూర్చుంటే, ఎత్తిన కారు లాక్ మీద లేనప్పుడు నెమ్మదిగా దానంతట అదే కిందికి జారుతుంది.

తర్వాత చేతులు, పవర్ యూనిట్, పైనున్న స్విచ్ కడ్డీ, కేబుళ్లు. అడ్డదూలాన్ని రెండు వైపులా ఆనించి పట్టుకున్నాకే దాని బోల్టులు తీశాం. అప్పటివరకు రెండు స్తంభాలూ పైన ఒకదానికొకటి ఆసరాగా ఉన్నాయి. అడ్డదూలం దిగగానే ప్రతి స్తంభమూ ఒంటరిది. అందువల్ల దూలం తీయకముందే ప్రతి స్తంభానికీ స్లింగు (బరువు ఎత్తడానికి కట్టే గట్టి పట్టీ) వేసి, దాన్ని క్రేన్‌కు తగిలించి, ఆ స్లింగు బిగువుగా ఉన్నాకే మిగతా పని.

ఈ మొత్తం పనిలో ప్రాణాపాయం ఉన్న ఘట్టం ఒక్కటే అని నేను చెప్పగలను: చివరి యాంకర్ నట్టు వదిలిన క్షణం నుంచి స్తంభం నేల మీద పూర్తిగా పడుకునే వరకు. మూడు మీటర్లకు పైగా పొడవు, 230 కిలోల బరువు, కింద అర మీటరు కూడా లేని పలక. అందులోనూ బరువు ఒక పక్కకే ఉంటుంది, ఎందుకంటే క్యారేజీ స్తంభం లోపలి ముఖం వైపు ఉంటుంది. చేత్తో తోస్తే కదలనట్టే కనిపిస్తుంది. ఒకసారి ఒరగడం మొదలైతే ఇద్దరు మనుషులు ఆపలేరు. ఆపాలని చూసేవాళ్లే దాని కింద పడతారు. నాతో పనిచేసే కుర్రాళ్లందరికీ మొదటి రోజే చెప్పే మాట: స్తంభం ఒరిగితే పట్టుకోవద్దు, తప్పుకోండి. యంత్రం పోతే మరొకటి వస్తుంది.

ఎత్తడానికి ఇంజన్లు దించే చిన్న చక్రాల క్రేన్ వాడాం. దీనితో ఒక జాగ్రత్త ఉంది. 2 టన్నుల క్రేన్ అని రాసి ఉంటుంది గానీ ఆ బలం దాని చెయ్యి పూర్తిగా మడిచినప్పుడే. చెయ్యి చివరి వరకు చాపితే అది 500 కిలోలకు పడిపోతుంది. చెయ్యి మీదే ప్రతి స్థానానికీ అంకె రాసి ఉంటుంది. మన స్తంభం 230 కిలోలే కాబట్టి చాచినా సరిపోతుంది. కానీ అంకె చూడకుండా ‘రెండు టన్నులు’ అన్న పేరును నమ్మి వేరే లిఫ్ట్‌కు ఇదే పద్ధతి వాడితే క్రేనే ముందుకు తిరగబడుతుంది.

స్లింగు కట్టే చోటు స్తంభం గరిమనాభికి కొంచెం పైన ఉండాలి. క్యారేజీ అడుగున ఉంది కాబట్టి గరిమనాభి స్తంభం సగం ఎత్తు కన్నా కిందే ఉంటుంది. చిన్న క్రేన్ ఎత్తు సరిపోవడానికి ఇదే కారణం. స్తంభం నూనెతో జిడ్డుగా ఉంటుంది, స్లింగు ఉచ్చు జారుతుంది. జిడ్డు తుడిచి, కుదిరితే స్తంభంలో ఉన్న రంధ్రానికి షాకిల్ (పిన్నుతో మూసుకునే ఉక్కు కొక్కెం) వేసి దానికి స్లింగు తగిలిస్తాను. అంతకన్నా ముఖ్యం క్యారేజీని స్తంభానికి గొలుసుతో బిగించడం. కేబుళ్లు తీసేశాక దాన్ని ఆపేది ఏదీ ఉండదు. స్తంభాన్ని పడుకోబెడుతుంటే ఎనభై కిలోల ఇనుము లోపల జారి మరో కొనకు చేరుతుంది, ఎత్తుతున్న బరువు కేంద్రమే మారిపోతుంది.

నట్టులు తీశాక స్తంభాన్ని బోల్టుల మీదుగా నిలువుగానే పైకి లేపాలి. ఒక చెయ్యి వెడల్పు లేస్తే చాలు. లేచాక అడుగు భాగాన్ని ఒక పక్కకు నడిపిస్తూ, క్రేన్‌ను నెమ్మదిగా దించుతూ, మందపాటి చెక్క దిమ్మెల మీద వెన్ను కిందికి వచ్చేలా పడుకోబెట్టాం. ఒకరే ఆజ్ఞ ఇవ్వాలి, మిగతావాళ్లు మాట్లాడకూడదు. ‘ఆపండి’ అనే హక్కు మాత్రం అందరికీ ఉంటుంది.

నేలలో మిగిలిన పాత బోల్టులు బయటకు రావు. వాటి తత్వమే అది. పైకి వచ్చిన భాగాన్ని కోసి నేలకు సమం చేసి, పైన పూత వేశాం. కోతకు ముందు చుట్టూ ఒలికిన నూనె పూర్తిగా తుడిచాం, ఎందుకంటే గ్రైండర్ నిప్పురవ్వలు దూరం వెళతాయి. వాటిని కొత్త చోట వాడాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాకూడదు. యాంకర్ బోల్టు ఒక్కసారి వాడేది.

పడుకున్న స్తంభం చెప్పే నిజాలు

లిఫ్ట్ నిలబడి ఉన్నప్పుడు చూడలేనివి పడుకున్నప్పుడు కనిపిస్తాయి. అందుకే తరలింపును ఎప్పుడూ పూర్తి తనిఖీగా మార్చుకోమని చెబుతాను. ఈ లిఫ్ట్‌లో రెండు క్యారేజీలను ఒకే మట్టంలో ఉంచే సమతుల్య కేబుళ్లలో ఒకటి, కింది కప్పీ మీద వంగే చోట, సన్నని పోగులు తెగి పైకి లేచి ఉన్నాయి. నిలబడి ఉన్నప్పుడు ఆ చోటు క్యారేజీ వెనుక దాగి ఉంటుంది. కేబుల్‌ను ఎప్పుడూ వట్టి చేత్తో నిమిరి చూడకూడదు. గుడ్డ పట్టి నెమ్మదిగా జరిపితే తెగిన పోగు గుడ్డను పట్టేస్తుంది. ఒకటే చెడినా రెండూ మార్చాం. కొత్తది సాగినంతగా పాతది సాగదు, రెండు క్యారేజీలు ఒకే మట్టంలో నిలవవు.

క్యారేజీ స్తంభంలో జారేందుకు ఆనించే నైలాన్ దిమ్మెలు ఒక వైపు బాగా అరిగి ఉన్నాయి. నిలబడి ఉన్న లిఫ్ట్‌లో వాటిని మార్చడం పెద్ద పని. పడుకున్న స్తంభంలోంచి క్యారేజీని లాగేసి మార్చడం సులువు. కప్పీల ఇరుసులకు గ్రీజు పెట్టి, లాక్ పళ్ల అంచులు గుండ్రంగా అరిగాయేమో చూశాం. అరగలేదు. చేతులు కారు కింద తిరిగిపోకుండా పట్టే పళ్ల చక్రాల్లో ఒకదాని స్ప్రింగు బలహీనపడింది, మార్చాం. నిజానికి ఇవన్నీ యజమాని ఏటా చూపించుకోవాల్సినవి. అమెరికాలో లిఫ్ట్‌ల తనిఖీ ప్రమాణం కనీసం ఏడాదికొకసారి అర్హత ఉన్న మనిషితో పరీక్ష చేయించమంటుంది. ఇంటి గ్యారేజీ లిఫ్ట్‌ను అలా చూపించుకునేవాళ్లు అరుదు. వర్క్‌షాపులో రోజూ పదిమంది కళ్లు దాని మీద ఉంటాయి, ఇంట్లో ఒక్కరివే. అందువల్ల ఇంటి లిఫ్ట్‌కే ఈ తనిఖీ ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

లారీ ప్రయాణం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. స్తంభాలు వెన్ను మీద, చెక్కల మీద, రెండు చోట్ల బిగింపు పట్టీలతో. చేతులు విడిగా, దొర్లకుండా. సిలిండర్ కడ్డీ పూర్తిగా లోపలికి వెళ్లి ఉండాలి, దాని నునుపు మీద ఒక్క గీత పడినా సీలు చెడుతుంది.

నిలబెట్టడం, బిగించడం

కొత్త దిమ్మెల మీద సుద్దతాడుతో రెండు గీతలు గీశాం: కారు నడిచే మధ్యగీత, దానికి అడ్డంగా స్తంభాల గీత. మూలమట్టం చిన్నది, ఇంత దూరానికి దాన్ని నమ్మలేం. 3, 4, 5 కొలతల త్రిభుజంతో లంబం తేల్చి, అడుగు పలకల మూల నుంచి మూలకు రెండు కర్ణాలు కొలిచాం. తేడా 5 మిల్లీమీటర్లకు లోపు రావాలి, 2 వచ్చింది.

పవర్ యూనిట్ ఉండే స్తంభాన్ని ముందు నిలబెట్టాం. పడుకోబెట్టినప్పటి క్రమమే తలకిందులుగా. స్తంభం నిలబడ్డాక స్లింగు తీయకుండానే అడుగు పలక రంధ్రాలనే దారిగా వాడి డ్రిల్ చేశాం. 19 మిల్లీమీటర్ల బోల్టుకు 19 మిల్లీమీటర్ల బిట్టే. అరిగిన బిట్టు సన్నని రంధ్రం చేస్తుంది, ఊగే చెయ్యి వెడల్పు రంధ్రం చేస్తుంది, రెండింటిలోనూ బోల్టు సరిగా పట్టదు.

రంధ్రంలోని ధూళిని బయటకు తీయడం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. బ్రష్షుతో గోడలు రుద్ది, గాలి కొట్టి, మళ్లీ రుద్ది, మళ్లీ గాలి. బోల్టు చివర ఉన్న ఉక్కు పట్టీ కాంక్రీటును పట్టుకోవాలి. ధూళి మిగిలితే అది ధూళిని పట్టుకుంటుంది. నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది, బరువు పడ్డాక జారుతుంది.

బోల్టులు దించి వేళ్లతో బిగించి, రసమట్టంతో స్తంభాన్ని రెండు దిక్కుల్లోనూ చూశాం. ఒక మూల కింద ఒకే సన్నని రేకు అవసరమైంది. రేకులు మొత్తం 12 మిల్లీమీటర్లు మించితే మానుకుని నేలనే సరిచేయాలి. రేకును బోల్టు పక్కనే పెట్టాలి, లేకపోతే బిగించినప్పుడు అడుగు పలక వంగుతుంది. తర్వాత టార్క్ రెంచితో పుస్తకంలో ఇచ్చిన బిగింపుకు, ఒక మూల తర్వాత ఎదురు మూల. ఇక్కడ రెంచి కొలిచేది బోల్టును మాత్రమే కాదు, కాంక్రీటునూ పరీక్షిస్తుంది. బిగింపు అందకుండా బోల్టు తిరుగుతూనే ఉంటే ఆ రంధ్రం పనికిరాదని అర్థం. మా దిమ్మెల్లో ప్రతి బోల్టూ మొదటిసారే పట్టింది. రెండో స్తంభాన్ని నిలబెట్టి, అడ్డదూలం ఎక్కించాకే దాన్ని బిగించాం. దూలాన్ని బలవంతంగా లాగి కలపాల్సి వస్తే స్తంభాల దూరం తప్పని అర్థం, అలా కలపకూడదు.

మోటారుకు విడిగా ఒక లైను వేయించాం. పొడవాటి, సన్నని ఎక్స్‌టెన్షన్ తీగతో నడిపితే మోటారుకు చేరే వోల్టేజి పడిపోయి, ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. లిఫ్ట్ మోటార్లు కాలిపోయిన చోట్ల నేను మొదట వెతికేది ఆ తీగ కోసమే.

పరీక్ష

కొత్త నూనె పోసి, ఖాళీగా పైకి కిందికి తిప్పుతూ గొట్టాల్లో గాలి వదిలించాం. మొదట్లో క్యారేజీలు కుదుపుతో లేచాయి, గాలి పోయేకొద్దీ కదలిక నునుపయింది. కేబుళ్ల బిగువు సర్దాక రెండు వైపులా లాక్‌లు ఒకే శబ్దంగా వినిపించే స్థితికి తెచ్చాం. ఒకటి ముందు, ఒకటి వెనుక పడుతుంటే కారు ఒక పక్కకు వాలుతుంది. ఈ సర్దుబాటుకు తొందర పడకూడదు.

మొదటి కారు చిన్నది, టన్నుకు కొంచెం పైన. చక్రాలు నేల విడిచి ఒక జానెడు లేవగానే ఆపి, కారును ముందుకూ వెనక్కూ ఊపి చూశాం. ప్యాడ్‌లు కూర్చున్నాయా, చేతులు లాక్ అయ్యాయా చూసి, తర్వాతే పైకి. లాక్ మీదకు దించి వదిలేశాం, కింద ఎవరూ లేరు. అడుగు పలకల అంచుల వెంట సన్నని రేకు దూర్చి చూశాను, ఎక్కడా సందు లేదు. ఆ తర్వాత యజమాని 2 టన్నుల కారు ఎక్కించి అదే వరుసలో చూశాం. ‘‘ఇక నేను కిందికి వెళ్లవచ్చా అండీ?’’ అని ఆయన అడిగారు. కారు దించి, బోల్టులన్నీ మళ్లీ రెంచితో చూసేవరకు ఆగమన్నాను.

చూస్తే కుడి స్తంభం వెనుక వరుసలో రెండు నట్టులు పావు చుట్టు తీసుకున్నాయి. మిగతావి కదలలేదు. ఇది లోపం కాదు. లాగుడు ఎక్కువగా పడేది వెనుక వరుస మీదే, బరువు పడ్డాక పట్టీ కాంక్రీటులో చివరి వెంట్రుకవాసి సర్దుకుంటుంది. అందుకే మొదటి బరువు తర్వాత ఈ తనిఖీ తప్పనిసరి. కొన్ని వారాలు వాడాక మళ్లీ వెళ్లి చూశాను. ఆసారి ఏ నట్టూ కదలలేదు. కొత్త దిమ్మెకు, పాత నేలకు మధ్య అతుకు వెంట తల వెంట్రుకంత గీత ఒకటి కనిపించింది. రెండు వయసుల కాంక్రీటు కలిసే చోట అది సహజం, బోల్టులకు చాలా దూరం. గీత రెండు చివర్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పక్కన తేదీ రాశాను. గుర్తు దాటి సాగితే, లేదా పలక కిందికి మళ్లితే, లిఫ్ట్ వాడకుండా నాకు చెప్పమని యజమానికి చెప్పి, ఏడాది తనిఖీ తేదీని పవర్ యూనిట్ మీద చీటీ అంటించి వచ్చాను.